మాయ పడకముందే ఏడ్చిన బిడ్డ

1986. రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే దారిలో మా ఊరు. మా అత్త దీనమ్మ మంత్రసాని. మా పల్లెలోనే కాదు, చుట్టుపక్కల రైతుల ఇళ్ళల్లోనూ, సముద్రం వైపు జాలరి పేటల్లోనూ కాన్పు వస్తే ఆమెకే కబురు పెట్టేవాళ్ళు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి నేను ఆమె వెనకాలే తిరిగి పని నేర్చుకున్నాను. ఆ ఏడు దగ్గర్లోని ప్రైమరీ హెల్త్ సెంటర్ వాళ్ళు, పల్లెల్లో కాన్పులు చేసే ఆడవాళ్ళకి దాయి ట్రైనింగ్ ఇస్తామని చెప్పి పంపారు. దాయి అన్నా మంత్రసాని అన్నా ఒకటే. గవర్నమెంటు వాళ్ళు మాకు పెట్టిన పేరు అది.

కబురు తెచ్చిన నర్సమ్మ మా పక్క ఊరి పిల్లే. అత్త గుమ్మంలో కూర్చుని వక్క నములుతూ ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, నువ్వు కాళ్ళతో పుట్టావు, గుర్తుందా? తల ఇరుక్కుపోతే నిన్ను బయటికి తెచ్చేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు నువ్వొచ్చి నాకు కాన్పు నేర్పుతావా?"

ఆ అమ్మాయి నవ్వేసింది. "నేను కాదు అత్తా, మేడమ్ నేర్పుతారు. అయిపోయాక పెట్టె కూడా ఇస్తారు. కత్తెర, బేసిన్, సబ్బు, అన్నీ ఉంటాయి అందులో."

పెట్టె అనగానే అత్త నమలడం ఆపింది. నా వైపు తిరిగింది.

"సువార్తా, నువ్వెళ్ళు. పెట్టె తీసుకురా. మాటలు అక్కడే వదిలేసి రా."

అలా మొదలైంది నా వైద్యం చదువు.

చెప్పబోయే సంగతి అర్థం కావాలంటే మా పనిలో ఉన్న ఒక కట్టు గురించి ముందు చెప్పాలి. బిడ్డ బయటికి వచ్చాక మాయ పడేదాకా బొడ్డు కోయకూడదు. మాయ అంటే కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకి తల్లి నుంచి తిండి అందించేది. డాక్టర్లు ప్లాసెంటా అంటారు. బిడ్డ పుట్టాక కాసేపటికి అది కూడా బయటికి వస్తుంది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే, బొడ్డు కోయకుండా ఆ మాయని వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టి కాపడం పెడతారు. మాయలో మిగిలిన ప్రాణం వేడికి కదిలి, బొడ్డు వెంట బిడ్డలోకి పాకుతుందని మా నమ్మకం. ఆ కాపడం పెట్టాక కదిలిన బిడ్డల్ని నేను కళ్ళారా చూశాను. కదలని బిడ్డల్నీ చూశాను. కదిలితే మాయ గొప్పతనం అనేవాళ్ళం, కదలకపోతే దేవుడి చిత్తం అనేవాళ్ళం.

హెల్త్ సెంటర్ వరండాలో మా బడి. మాకు నేర్పింది శకుంతల మేడమ్. హెల్త్ విజిటర్, అంటే నర్సమ్మల మీద పైఅధికారి. బాపట్ల ఆవిడ. గంజి పెట్టిన తెల్లచీర, సూటిగా చూసే చూపు. గోళ్ళు కత్తిరించడం, చేతులు మోచేతి దాకా రుద్ది కడగడం, బ్లేడు మరగబెట్టడం, బొడ్డు మీద పేడా పసుపూ పెట్టకూడదని చెప్పడం, ఇదంతా బాగానే సాగింది. నాకు హుషారుగా కూడా ఉంది. చిన్నప్పుడు బడి మొహం చూడనిదాన్ని, ఇప్పుడు వరసలో కూర్చుని చెయ్యెత్తి మాట్లాడుతున్నాను. ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా ఆ రోజు పాఠం నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఒకరోజు మేడమ్ గుడ్డతో చేసిన బిడ్డబొమ్మ నా చేతిలో పెట్టింది. దాని పొట్టకి బొడ్డులాగా ఒక తాడు కుట్టి ఉంది.

"బిడ్డ ఏడవలేదు. ఏం చేస్తావు?"

"మాయ కోసం చూస్తానండి."

"ఎందుకు?"

"కాపడం పెట్టడానికండి."

పక్కనున్న ఆడవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారు. మేడమ్ బొమ్మని నా చేతిలోంచి తీసేసుకుంది.

"మాయ పడ్డానికి పావుగంట పట్టచ్చు, అరగంట పట్టచ్చు. అందాకా బిడ్డ ఊపిరి లేకుండా ఎదురు చూస్తుందా? వెంటనే బొడ్డు కోసి, నోట్లో జిగురు తీసి, ఊపిరి ఊదాలి."

"మాయ పడకుండా కోస్తే ప్రాణం తెగిపోద్దండి. మా అత్త..."

"మీ అత్త ఏం చదివింది?"

వరండాలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడున్న మాలో ఎవరం చదివాం? హాజరుకి వేలిముద్ర వేసేవాళ్ళమే అందరం.

"ఏం చదవలేదండి. మీరు చదివిన పుస్తకంలో ఎంతమంది పిల్లలు పుట్టారండీ?" అన్నాను.

ఇంక ఎవరూ నవ్వలేదు. మేడమ్ మొహం ఎర్రగా అయిపోయింది. "బయటికి నడువు" అంది.

నడిచాను. రోడ్డు మీదికొచ్చి బస్సు కోసం నిలబడ్డాను. పెట్టె వద్దు, మాటలూ వద్దు అనుకున్నాను. కోపంలో కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. బస్సు వచ్చింది. అందులోంచి నిండు నెలల మనిషి ఒకామె దిగి, నడుం పట్టుకుని, "అక్కా, హెల్త్ సెంటర్ ఎటు?" అని అడిగింది. ఆమెని ఒక్కదాన్నే పంపడానికి నాకు మనసు రాలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. బస్సు వెళ్ళిపోయింది.

మేడమ్ నన్ను చూసింది. ఆమెని బల్ల మీద పడుకోబెట్టి, చిన్న బూర లాంటి గొట్టం ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది. దాని పేరు ఫీటోస్కోప్. వెడల్పు వైపు తల్లి పొట్ట మీద ఆనించి, రెండో వైపు చెవి పెట్టి వినాలి.

"వంగు. ఊపిరి బిగబట్టి విను."

ముందు ఏమీ వినపడలేదు. మేడమ్ గొట్టాన్ని కొంచెం పక్కకి జరిపింది. అప్పుడు వినపడింది. కాలువ అవతల ఎవరి చేలోనో ఆయిల్ ఇంజను ఆడుతుంటే గాలివాటున ఎలా వినిపిస్తుందో అలా, టకటకా టకటకా. అన్నేళ్ళుగా ఎన్ని పొట్టలు తడిమి చూశాను! తల ఎటుందో, కాళ్ళు ఎటున్నాయో నా వేళ్ళకి తెలుసు. కానీ లోపల ఇంత గోల జరుగుతోందని నాకు ఎవరూ చెప్పలేదు.

"ఆడుతోందండీ! ఇంజను ఆడుతోందండీ!" అని అరిచాను.

బల్ల మీదున్నామె నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. మేడమ్ కూడా మొహం తిప్పుకుని నవ్వింది.

"రేపు తొందరగా రా" అంది. అంతే. మళ్ళీ పొట్లాట మాట ఎత్తలేదు.

ట్రైనింగ్ చివర్లో మమ్మల్ని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, లేబర్ రూమ్ చూపించడానికి. అక్కడ ఒక బిడ్డ ఏడవకుండా పుట్టింది. స్టాఫ్ నర్సు టక్కున బొడ్డు కోసి, బిడ్డని పక్క బల్ల మీద పెట్టి, నోట్లో జిగురు లాగి, రబ్బరు సంచీతో ఊపిరి కొట్టింది. బిడ్డ ఏడ్చింది. మాయ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. నాతో వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేకపోయాను. ఇది నిజమైతే మరి అత్త చెప్పింది ఏంటి? అత్తని కాదంటే నేనెవర్ని? నాకు వచ్చిన పనంతా ఆమె పెట్టిన భిక్షే కదా. రైలు దిగి ఇంటికి చేరేదాకా లోపల ఇదే గొడవ.

అత్తకి చెబితే తేలిగ్గా తీసిపారేసింది.

"ఆసుపత్రిలో కరెంటు ఉంది. వాళ్ళ పిల్లలు కరెంటుకి ఏడుస్తారు. మన కొంపల్లో మాయే దిక్కు. ఏదీ, పెట్టె ఇలా తే, చూద్దాం."

పెట్టెలో ఉన్న కత్తెర, బేసిన్ ఆమెకి నచ్చాయి. మ్యూకస్ సక్కర్‌ని మాత్రం పక్కన పడేసింది. అది చిన్న డబ్బీ. దానికి రెండు సన్నటి గొట్టాలుంటాయి. ఒక గొట్టం బిడ్డ నోట్లో పెట్టి, రెండోది మనం నోట్లో పెట్టుకుని పీలిస్తే, బిడ్డ గొంతులో అడ్డుపడ్డ జిగురు వచ్చి డబ్బీలో పడుతుంది. మన నోట్లోకి రాదు. "ఛీ, ఎంగిలి పని" అంది అత్త.

మరుసటి ఏడు, మినుము పీకే రోజుల్లో వచ్చింది నాగేంద్రం కాన్పు. రైతుల అమ్మాయి. మా ఊరికి కాలువ అవతల ఆమె పుట్టిల్లు. ఆమె మొదటి కాన్పు చేసింది అత్తే. ఆ బిడ్డ ఏడవలేదు. ఎంత కాపడం పెట్టినా కదలలేదు. అందుకని ఈసారి నేను ముందునుంచే వెళ్ళి చూస్తూ వచ్చాను. పెట్టెతో పాటు ఇచ్చిన ఫీటోస్కోప్ పొట్ట మీద పెట్టి వినగానే, "ఏంటి సువార్తా, ఆడుతోందా ఇంజను?" అని అడిగేది నాగేంద్రం. "పూర్తి స్పీడు మీద ఉందండి" అనేదాన్ని. ఆ మాట కోసమే నన్ను పిలిపించేది.

ఈ కాన్పు ఇంట్లో వద్దని, నెలలు నిండగానే తెనాలి వెళ్ళి చుట్టాలింట్లో ఉండమని ఆమె తల్లి సీతారావమ్మ గారికి మరీ మరీ చెప్పాను. అత్త కూడా కాదనలేదు. వాళ్ళు సరేనన్నారు, సామాను కూడా సర్దుకున్నారు. కానీ నొప్పులు అనుకున్న దానికంటే ముందే వచ్చాయి. కబురు అంది నేనూ అత్తా వెళ్ళేసరికి మధ్యాహ్నం. మగవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. అత్త చేయి పెట్టి చూసి, "తెనాలి కాదు, వీధి గుమ్మం కూడా దాటలేదు. తల వచ్చేసింది" అంది.

నాగేంద్రం అత్త చెయ్యి పట్టుకుంది.

"దీనమ్మా, ఇది కూడా అట్లాగే వస్తే నాకు చూపించకు. మొహం గుర్తుండిపోద్ది."

"నోరు ముయ్ తల్లీ. బలం దాచుకో" అంది అత్త. ఆమె గొంతు ఎప్పటిలా లేదు. ఆ మొదటి బిడ్డ మొహం అత్తకీ గుర్తుందని నాకు అప్పుడే తెలిసింది.

నేను పెట్టె తెరిచి అన్నీ మరుగుతున్న నీళ్ళల్లో వేసి తీశాను. చేతులు కడుక్కున్నాను. అత్త కూడా కడుక్కుంది, నేను చెప్పకుండానే. తల బయటికి వచ్చింది. మెడకి బొడ్డు చుట్టుకుని ఉంది. అత్త ఒక్క వేలితో, దండ తీసినట్టు, దాన్ని తల మీదుగా తప్పించేసింది. నేను చూస్తుండగానే అయిపోయింది. ఆ వెంటనే బిడ్డ జారి అత్త చేతుల్లో పడింది.

ఆడపిల్ల. నీలంగా ఉంది. చేతులు తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. ఏడుపు లేదు.

"సీతారావమ్మా, పళ్ళెం తే! నీళ్ళు బాగా కాగనీ!" అని అరిచింది అత్త. బిడ్డని తల్లి పక్కనే గుడ్డ మీద పడుకోబెట్టి, మాయ కోసం తల్లి పొట్ట మీద చెయ్యి వేసింది.

నేను పెట్టెలోకి చెయ్యి పెట్టాను. అత్త రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"కత్తెర ముట్టుకున్నావంటే ఊరుకోను."

"కత్తెర కాదత్తా, గొట్టం."

"బొడ్డు కొయ్యవుగా?"

ఒక చెవిలో మేడమ్, వెంటనే కొయ్యి అంటోంది. ఎదురుగా అత్త కళ్ళు, కొయ్యకు అంటున్నాయి. ఇద్దరిలో ఎవరిది రైటో తేల్చే తీరిక నాకు లేదు. బొడ్డు అత్తకి వదిలేశాను. నోరు నేను తీసుకున్నాను.

"కొయ్యనత్తా. ఒట్టు. చెయ్యి వదులు."

వదిలింది.

సక్కర్ గొట్టం బిడ్డ నోట్లో పెట్టి పీల్చాను. చిక్కటి జిగురు డబ్బీలోకి జారింది. ముక్కుల్లోదీ లాగాను. పొడిగుడ్డతో ఒళ్ళంతా రుద్దాను, వీపు రాశాను, అరికాలు మీద వేలితో కొట్టాను. కదలలేదు. మేడమ్ గుడ్డబొమ్మ మీద చూపించినట్టే తల కొంచెం వెనక్కి వంచి, దాని నోరూ ముక్కూ కలిపి నా నోటితో మూసి, బుగ్గల్లో పట్టేంత గాలి మాత్రం మెల్లగా ఊదాను. దాని రొమ్ము లేచింది! బొమ్మ రొమ్ము ఎప్పుడూ లేవలేదు. ఇది లేచింది. మళ్ళీ ఊదాను, మళ్ళీ లేచింది. బొడ్డు మొదట్లో రెండు వేళ్ళు పెట్టి చూస్తే ఆ ఇంజను ఇంకా ఆడుతోంది, నీరసంగా, ఆగి ఆగి. ఆగకు తల్లీ, ఆగకు అనుకుంటూ ఊదాను. వేళ్ళ కింద అది జోరందుకుంది. బిడ్డ ఒకసారి వెక్కినట్టు చేసింది. మూతి వంకర తిప్పింది. పెదాల దగ్గర్నుంచి ఎరుపు పాకడం మొదలైంది.

అప్పుడు ఏడ్చింది చూడండి! వంటింట్లో సీతారావమ్మ గారి చేతిలోంచి పళ్ళెం కింద పడింది.

అత్త చెయ్యి తల్లి పొట్ట మీదే ఉండిపోయింది. ఆమె బిడ్డ వైపు చూసింది, తన చెయ్యి వైపు చూసుకుంది.

"మాయ లోపలే ఉంది" అంది, ఎవరితోనో మరి. "మాయ ఇంకా పడనే లేదు. ఇదేమో ఏడుస్తోంది."

నాగేంద్రం కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. "ఎవరిదా ఏడుపు?" అంది.

"నీ కూతురిదే. కళ్ళు తెరువు తల్లీ, చూపిస్తా" అంది అత్త.

మాయ పడ్డాక అత్త దాన్ని అరిటాకు మీద పరిచి, ముక్క ఏదన్నా లోపల మిగిలిపోయిందేమోనని అంచులన్నీ వెతికింది. మేడమ్ కూడా అచ్చం ఇలాగే చూడమని చెప్పింది. ఆ పాఠం నాకు కొత్తగా నేర్చుకోవాల్సిన పని రాలేదు. తర్వాత బొడ్డు కట్టి, నేను మరగబెట్టిన కత్తెర అత్తకే ఇచ్చాను. ఆమె కోసింది. సాయంత్రం ఎద్దుబండి కట్టించి తల్లినీ బిడ్డనీ హెల్త్ సెంటర్‌కి పంపాం, చూపించుకోవడానికి.

ఇంటికొచ్చేటప్పుడు కాలువ గట్టు మీద, "పెట్టె ఇటివ్వు" అంది అత్త. ఎప్పుడూ దాన్ని మోసేది నేనే. చంకలో పెట్టుకుని నా ముందు నడిచింది.

"పెట్టె తెమ్మన్నాను. మాటలు కూడా మూటగట్టుకొచ్చావు."

"అక్కడ వదిలితే ఎవరన్నా ఎత్తుకుపోతారని తెచ్చానత్తా."

పకపకా నవ్వింది. మర్నాడు నేను నిద్ర లేచేసరికి వాకిట్లో కూర్చుని, చెంబులో నీళ్ళు పోసుకుని, మ్యూకస్ సక్కర్‌తో ఆ నీళ్ళని డబ్బీలోకి పీలుస్తోంది. "ఎంగిలి పని కదత్తా?" అంటే, గొట్టం నోట్లోంచి తియ్యకుండానే చెయ్యెత్తి కొట్టబోయింది.

హెల్త్ సెంటర్‌లో దాయిలకి నెలనెలా పెట్టే మీటింగ్‌లో ఈ సంగతంతా చెప్పాను. ఆనందంలో మాట మీద మాట తొక్కుకుంటూ చెప్పాను. మేడమ్ అంతా విని, "బొడ్డు ఎప్పుడు కోశారు?" అని అడిగింది.

"మాయ పడ్డాకండి."

"నేను చెప్పిందేంటి?"

"కొయ్యమన్నారండి. నేను అత్తతో పోట్లాడుతూ కూర్చుంటే బిడ్డ ఆగదండి."

మేడమ్ "ఈసారి మీ అత్తని తీసుకురా" అంది.

వెళ్ళాం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మేడమ్ గుడ్డబొమ్మ తీసి, తాడుని దాని మెడకి చుట్టి, అత్త చేతికిచ్చింది.

"ఒక్క వేలితో ఎలా తప్పించావో చూపించు దీనమ్మా."

అత్త చూపించింది. మేడమ్ తన వేలితో చేసి చూసింది. "అంత గట్టిగా లాగకమ్మా. దండ తీస్తున్నావనుకో" అంది అత్త. మేడమ్ మళ్ళీ చేసింది. ఆ తర్వాత అత్త చీర కొంగు సర్దుకుని అడిగింది, "ఇప్పుడు మీరు చెప్పండి. మాయ పడకపోయినా అది ఎట్లా ఏడ్చింది?"

మేడమ్ చెప్పింది. పుట్టిన బిడ్డకి కావాల్సింది గాలి అనీ, అది గొంతులోంచే వెళ్ళాలనీ, కాపడం పెట్టినప్పుడు కదిలిన బిడ్డలు తమంతట తామే ఊపిరి అందుకున్నవాళ్ళనీ. అత్త తల దించుకుని అంతా విన్నది. చివర్లో, "ఆ గొట్టం ఇంకోటి ఉంటే ఇప్పించండి. కోడలిది ఎంగిలి" అంది. తర్వాతి ట్రైనింగ్‌లో అందరికంటే ముందు వరసలో కూర్చున్నది ఆమే.

నాకు అక్షరాలు వచ్చింది ఇంకా తర్వాత, తొంభైల్లో ఊరూరా పెద్దవాళ్ళకి బళ్ళు పెట్టినప్పుడు. కూడబలుక్కుని నేను మొదట చదివింది పెట్టె మూత లోపల అంటించిన కాగితం. నోరు శుభ్రం చేయాలి, ఒళ్ళు తుడవాలి, మెల్లగా ఊదాలి అని ఉంది అందులో. నా చేతులకి ఎప్పుడో తెలిసిన మాటల్ని అప్పుడు నా కళ్ళు పట్టుకున్నాయి. ఆ సంబరం ఇంకొకరికి చెబితే అర్థం కాదు.

మేడమ్ బాపట్ల వైపు బదిలీ అయ్యాక అక్కడి ట్రైనింగ్‌లకి నన్ను సాయానికి పిలిచేది. నాగేంద్రం కూతురు అప్పటికి బడికి పోతోంది. వరండాలో కొత్తవాళ్ళ ముందు నిలబడ్డప్పుడల్లా ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చేది. ఆ రోజు నేను అత్తని ఓడించి ఉంటే బిడ్డ బతికేదేమో గానీ, అత్త మారేది కాదు. అత్తకి లొంగి ఉంటే బిడ్డే దక్కేది కాదు. నేర్చుకోవడం అంటే ఈ రెంటి మధ్యా చెయ్యి ఆగకుండా ఉండడమని ఆ కాన్పు నాకు నేర్పింది.

ఒకసారి అక్కడ ఒక చిన్న వయసు దాయి, బొమ్మని ఒళ్ళో పెట్టుకుని నా మీదికి లేచింది.

"మా అమ్మమ్మ ఇట్లా చెయ్యదండి. మాయ పడకుండా బొడ్డు ముట్టుకోనివ్వదు."

మేడమ్ నా వైపు చూసింది. ఆ అమ్మాయి చదువెంతో, వాళ్ళ అమ్మమ్మ చదువెంతో మేమిద్దరం అడగలేదు. నేను వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"మీ అమ్మమ్మ ఎలా చేస్తుందో మొత్తం చూపించమ్మా. బొడ్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బిడ్డ నోరు మాత్రం నాకివ్వు."